పైడమ్మ దాచిన గుంట

"గుంటని కిందకి దింపు," అంది అత్త.

పైడమ్మ దింపలేదు. మూడేళ్ళ చిన్నతల్లి చంకలోనే ఉండి గంజి తాగుతోంది. ముంత మూతికి ఆనించి పట్టుకుని, పిల్ల మెడ మీదికి కారిన గంజి తుడిచింది.

"దింపమన్నానా! ఇంటి మగోడిని ఠాణాకి పంపినదాని సేతి గంజి నా గుంటకి ఒద్దు."

"నాను పంపనేదత్తా."

"మరెవులు పంపినారు? ఆ బుచ్చిరాజుకి కలొచ్చిందా, గొయ్యి ఇక్కడున్నాదని?"

వాకిట్లో కూర్చున్న వీరవేణి తల ఎత్తలేదు. పైడమ్మకి తోడికోడలు. మొన్న బుధవారం పొద్దున్న ఆవిడ మొగుడు వెంకన్నని చేతులు వెనక్కి కట్టి అమలాపురం తీసుకుపోయేరు. ఈ రోజు శుక్రవారం. ఈ రెండు రోజుల్లో ఆవిడ ఎవరితోనూ మాట్లాడలేదు, ఏడవనూ లేదు. మొగుడి పైపంచ ఒళ్ళో పెట్టుకుని దాని అంచు మడుస్తుంది, విప్పుతుంది.

ఆ బుధవారం జరిగినదంతా పైడమ్మకి కళ్ళకి కట్టినట్టే ఉంది. సారా ఇజారాదారు గారి బంట్రోతులు నలుగురు, ముందు వాళ్ళ జమేదారు బుచ్చిరాజు. ఇంట్లోకి తొంగి చూడలేదు. అటక మీద వెతకలేదు. ఒక్క కుండ కదపలేదు. తిన్నగా పెరట్లోకి నడిచేరు. గడ్డివాము వెనక్కి వెళ్ళి, కప్పిన తాటాకులు లాగేసి, కాలితో తట్టి చూసి, "ఇదే, తవ్వండి" అన్నాడు బుచ్చిరాజు. రాగి కుండ బయటపడింది, వెదురు గొట్టం బయటపడింది, సారాకని పులియబెట్టిన ఊట పోసిన బానలు రెండు బయటపడ్డాయి.

సొంతంగా సారా కాస్తే ఊరుకోరని ఓడలరేవు ఊళ్ళో అందరికీ తెలుసు. ఇజారాదారు గారు దొరతనం వారి దగ్గర పాడుకున్న హక్కది. ఆయన దుకాణంలో తప్ప ఇంకెక్కడా చుక్క కాయకూడదు. కానీ అత్త వినదు. "మన దేశం నుంచి అమ్మోరిని మూటగట్టుకుని తెచ్చుకున్నాం. ఆయమ్మకి ఇజారాదారు దుకాణంలో సారా పోస్తామా? మన సేత్తో కాసింది మనం పొయ్యాల," అనేది. అలా అమ్మవారి కోసం మొదలెట్టేరు. తరవాత ఇరుగుపొరుగు అడిగేరు. తరవాత ఊరడిగింది.

ఆ గొయ్యి ఎక్కడుందో తెలిసినవాళ్ళు మాత్రం అయిదుగురే. వెంకన్న, అతని తమ్ముడు, పైడమ్మ మొగుడు అబ్బులు, వాళ్ళ తల్లి, ఇద్దరు కోడళ్ళు.

"పదిరోజుల కిందట నువ్వేటన్నావో మర్సిపోనావా?" అత్త గొంతు పెంచింది. పక్క పాకల్లోకి వినబడాలనే పెంచింది. "ఈ కుండ ఇంట్లోంచి పోకపోతే బంట్రోతుల కాడికి నానే పోతానని అరవనేదూ?"

అరిచింది. నిజమే. ఆ రోజు చిన్నతల్లి పెరట్లో ఆడుకుంటూ బానలో ఊట దోసిట్లో పోసుకుని తాగేసింది. మధ్యాహ్నం పడుకున్న పిల్ల దీపాలు పెట్టే వేళకి కూడా లేవలేదు. ముక్కు దగ్గర వేలు పెట్టుకుని కూర్చుంది పైడమ్మ, ఊపిరి ఉందా లేదా అని. పిల్ల లేచి నీళ్ళడిగేక, అప్పటిదాకా బిగబట్టుకున్నదంతా ఒక్కసారి అరుపై బయటికొచ్చింది. ఏం అందో అప్పుడామెకి తెలీదు. ఇప్పుడు అందరికీ తెలుసు.

"కోపంలో అన్నాను. సెయ్యనేదు."

"ఆ ముక్క పెదబాబుతో సెప్పుకో. పొద్దు వాలినాక అందరూ కూసుంటారు."

పెదబాబు వాళ్ళందరికీ పెద్ద. శ్రీకాకుళం అవతల నుంచి గోదావరి ఆనకట్ట మట్టిపనికని పన్నెండు కుటుంబాలని నడిపించుకొచ్చింది ఆయనే. ఆనకట్ట అయ్యేక కాలవ పని, కాలవ పని అయ్యేక పనుల్లేక కిందటేడు ఈ సముద్రం ఒడ్డున దిగేరు. ఊళ్ళో చాలామంది ఇప్పటికీ పేర్లు పెట్టి పిలవరు. 'ఆనకట్టోళ్ళు' అంటారు.

ఆనకట్టోళ్ళకి ఒక కట్టు ఉంది. సొంత ఇంటిని సర్కారు మనుషులకి పట్టిచ్చిన మనిషిని తమలో ఉంచుకోరు. ఆడమనిషైతే పుట్టింటికి పంపేస్తారు. ఒక్కదాన్నే. బిడ్డ ఇంటి బిడ్డ, ఇక్కడే ఉండిపోతుంది.

అత్త వచ్చి పిల్లని చంకలోంచి లాక్కుంది. చిన్నతల్లి గంజి మూతితో ఏడుపు అందుకుంది.

"ఇప్పట్నుంచే అలవాటవ్వనీ," అంది అత్త.

పైడమ్మ కడవ తీసుకుని వాకిట్లోకి వచ్చింది. వీరవేణి ముందు నుంచి పోవాలి. పోతోంటే ఆవిడ చెయ్యి చాచి కోక అంచు పట్టుకుంది. రెండు రోజుల తరవాత అదే మొదటి మాట.

"నీకంత కష్టమైతే నాతోటి సెప్పనేకపోనావా పైడీ? ఆ కుండ నానే ఏట్లో పారేద్దును."

"అప్పా, నాను..."

"ఆయన్ని కొట్టుకుంటూ తీసుకెళ్ళినారే. నువ్వు సూడనేదు. నాను ఆ గట్టు దాకా ఎనకాలే ఎల్లినాను." కోక అంచు వదిలేసింది. "పో. నీళ్ళకి పో."

*

ఇసకలో తవ్విన చెలమ దగ్గర నలుగురు ఆడవాళ్ళున్నారు. పైడమ్మని చూసి మాటలాపేరు. ఒకావిడ సగం నిండిన కడవే ఎత్తుకుని పోయింది. తక్కినవాళ్ళూ లేచేరు. పెద్దింట్లమ్మ ఒక్కతే మిగిలింది. వేట పడవల వాళ్ళ ఇంటావిడ, నలభై ఏళ్ళుంటాయి. పైడమ్మతో నాలుగు మాటలు మాట్లాడే ఊరి మనిషి ఆవిడే. అదీ ఈ చెలమ దగ్గరే.

"కూర్చో అమ్మాయ్, ఇంకా ఊరాలి. మీ బావగారి సంగతి ఏమన్నా తెలిసిందా?"

"నేదు పిన్నీ."

"పాపం. నీ మీద పడ్డారట కదా మీవాళ్ళు."

పైడమ్మ ముంతతో నీళ్ళు తోడుతూ ఆగింది. ఈ రెండు రోజులుగా ఆమె చేస్తున్న పని ఒకటే. ఎవరితో ఏం మాట్లాడేనా అని వెనక్కి వెనక్కి వెతుక్కోవడం. ఈ ఊళ్ళో తను మాట్లాడేది ఒక్కరితోనే.

"పిన్నీ, ఆదోరం నాడు నీతోటి నానేటన్నాను?"

"టీకాలాయన వచ్చిన రోజా?"

ఆ రోజే. మశూచికి టీకాలు వేసే మనిషి వస్తున్నాడని ఊరంతా పిల్లల్ని దాచుకున్నారు. చేతి మీద గాటు పెడతాడు, అమ్మవారికి కోపం వస్తుంది అని.

"ఆయ్, గుర్తుంది. గుంట దాచేనన్నావు."

"ఎక్కడ దాచేనన్నాను?"

"గడ్డివాము వెనకాల. పైన తాటాకులు కప్పేను, ఎవరికీ కనపడదన్నావు. నాకు ఎంత నవ్వొచ్చిందో తెలుసా! ఊళ్ళో సగం మంది మీ సారా తాగుతున్నారు, ఆ గుంట ఎక్కడుందో ఒక్కళ్ళకీ తెలీదు, ఈ పిల్లేమో నీళ్ళ దగ్గర కూర్చుని చెప్పేస్తోంది అని."

పైడమ్మకి ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు.

"సారా ఏటి పిన్నీ? నానన్నది మా గుంట గురించి."

"నేనూ మీ గుంట గురించే అంటున్నాను."

"మా గుంట! చిన్నతల్లి!"

పెద్దింట్లమ్మ నోటి మీద చెయ్యేసుకుంది. "అయ్యయ్యో, పిల్లని గుంటలో పెట్టేవా!"

"గుంటలో కాదు పిన్నీ! గుంటే! ఆడగుంట! నా కడుపున పుట్టినాదే, అది!"

"...పిల్లా?"

"పిల్ల."

"ఓసి నీ ఇల్లు బంగారం గానూ! పిల్ల అంటే పోయేది కదే!"

"మా దేశంలో గుంటంటారు."

"మా దేశంలో గుంటంటే గొయ్యి!"

పెద్దింట్లమ్మకి నవ్వాగలేదు. కడవ పట్టుకుని ఊగిపోయింది. పైడమ్మ మొహం చూసి నెమ్మదిగా ఆపుకుంది.

గడ్డివాము వెనక. తాటాకుల కింద. టీకాలాయన అటు రాడని, ఇంట్లో ఏది దాచుకోవాలన్నా ఉన్న చోటు అదొక్కటేనని, బానలకి మూతలు బిగించి, చిన్నతల్లిని ఆ గొయ్యి పక్కనే కూర్చోపెట్టి పైన ఆకులు కప్పింది. అది నిజం. ఆ నిజాన్నే ఈవిడకి చెప్పింది. గొయ్యి ఊసే ఎత్తకుండా గొయ్యి జాడంతా చెప్పేసింది.

"ఎవులికి సెప్పినావు పిన్నీ?"

"నేనా? నేనెవరికి చెప్తాను?"

"పిన్నీ, పొద్దు వాలితే నా గుంటని నా దగ్గర్నుంచి లాక్కుంటారు."

పెద్దింట్లమ్మ అటూ ఇటూ చూసింది. చెలమ చుట్టూ మొగలి పొదలు తప్ప ఏమీ లేవు.

"బుచ్చిరాజు గారికి చెప్పేనని అనుకోకు. మా ఆయన రోజూ సముద్రం మీదకి పోతాడు, ఆయన మీద ఒట్టు. ఒక్కళ్ళ దగ్గరే అన్నాను. అదీ పరాచికానికి. అదీ బయటివాళ్ళతో కాదు."

"ఎవులితో?"

"మీ ఆయనతోనే."

పైడమ్మ చేతిలో ముంత చెలమలోకి జారింది.

"సోమవారం పొద్దున్న రేవులో కనిపించేరు. 'ఏమండీ అబ్బులు గారూ, గుంట బాగా దాచేరట గడ్డివాము వెనకాల, మీ ఆవిడ చెప్పింది' అన్నాను. నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. 'ఇంకెవరితోనన్నా అన్నావా?' అన్నారు. లేదండీ అన్నాను. 'అనకు' అని వెళ్ళిపోయేరు." పెద్దింట్లమ్మ గొంతు తగ్గించింది. "ఆ మధ్యాహ్నమే ఆయనా బుచ్చిరాజు గారూ పడవ చాటున నిలబడి మాట్లాడుకుంటున్నారు. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలీదమ్మా. తెలిస్తే తెలుసనే చెప్తాను."

*

అబ్బులు పాక వెనక నీడలో కొబ్బరితాడు పేనుతున్నాడు. కాలి బొటనవేలికి ఒక కొస తగిలించుకుని, అరచేతుల మధ్య పీచు నలుపుతున్నాడు. పెళ్ళాం వచ్చి నిలబడితే తలెత్తి చూసి మళ్ళీ పనిలో పడ్డాడు.

"సోమారం నాడు పెద్దింట్లమ్మ పిన్ని నీతోటి ఏటన్నాది?"

అరచేతులు ఆగేయి.

"ఆయమ్మకి నోరు తప్ప పనేటీ నేదు."

"గుంట మాట అన్నాది. నానన్నది మన గుంట గురించని నీకు తెలుసు. ఆయమ్మ ఇన్నది గొయ్యి అనీ నీకు తెలుసు. రేవులో ఈళ్ళతోటి రోజూ పనిసేసేవోడివి, రెండు మాటలూ తెలిసినోడివి ఈ ఇంట్లో నువ్వొక్కడివే."

అబ్బులు బొటనవేలి కొస బిగించుకున్నాడు.

"సోమారం, మంగళారం. రెండు రోజులు. మీ అన్నతోటి ఒక్క ముక్క సెప్తే సాలు, కుండ తీసి ఏట్లో పారేసేవోడు. నువ్వు సెప్పనేదు. బుధారం పొద్దు పొడవకుండా నగరం ఊళ్ళో కొబ్బరికాయలు ఎక్కించాలని ఎల్లిపోనావు. ఎక్కించినావా?"

"ఎక్కించినాను."

"ఎవులి పడవకి?"

"నీకు పడవలు తెలుస్తాయేటి?" తాడు విసిరి పడేసేడు. "నువ్వే కదా ఏడ్సినావు! గుంట ఊట తాగి పడిపోనాది, కుండ పోవాల, కుండ పోవాల అని నా పీక తిన్నావు. పోనాది కదా. ఇంకేటి?"

"కుండతోటి బావ కూడా పోనాడు."

"నెమ్మదిగా."

"ఎందుకు నెమ్మదిగా? ఎవులికి ఇనబడకూడదు?"

అతను లేచి నిలబడ్డాడు. కొట్టడానికేమో అనుకుని పైడమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది. కొట్టలేదు. ఆమె పక్కకి వచ్చి, పాక గోడకి వీపు ఆనించి, కింద ఇసక చూస్తూ మాట్లాడేడు.

"బుచ్చిరాజు సంగతి నీకు తెల్దు. ఆడు ముందే వాసన పట్టినాడు. ఇంటికొకడు దొరికితే సాలన్నాడు. అన్నా, నానూ ఇద్దరం పోతే మిమ్మల్ని ఎవులు సూస్తారు? అమ్మని, ఒదిన్ని, గుంటని?"

"ముందే తెలుసా, నువ్వు సెప్పినాక తెలిసిందా?"

అతను కాలితో ఇసక చదును చేసేడు. పైడమ్మ అతని చెయ్యి వైపు చూసింది. నాలుగేళ్ళ కాపరంలో అతను అబద్ధమాడితే చెవి వెనక గోక్కుంటాడని ఆమెకి తెలుసు. ఇప్పుడు గోక్కోలేదు. అలాగని నిజమూ చెప్పలేదు.

"పెదబాబు అడిగితే మాట పొరపాటని సెప్పు," అన్నాడు చివరికి. "నువ్వు గుంట అన్నావు, ఊరోళ్ళు గొయ్యి అనుకున్నారు. ఉన్నదే కదా, అబద్ధం కాదు. అందరూ నవ్వుతారు. నవ్వినాక పెద్ద కోపం ఉండదు. గుంట నీ కాడే ఉంటాది."

"పెద్దింట్లమ్మ ఎవులికి సెప్పిందని అడిగితే?"

"తెల్దని సెప్పు."

*

పెదబాబు పాక ముందు పందిరి కింద అందరూ కూర్చున్నారు. మగాళ్ళు ఒక వైపు, ఆడవాళ్ళు ఒక వైపు. అబ్బులు మగాళ్ళ చివర, లేచి పోవడానికి వీలుగా కూర్చున్నాడు. వీరవేణి అందరికంటే ముందు కూర్చుంది.

పైడమ్మ పందిట్లోకి అడుగు పెట్టబోతోంటే అత్త వచ్చి రెక్క పట్టుకుని పాక పక్కకి లాగింది. చంకలో చిన్నతల్లి నిద్రపోతోంది.

"మాట పొరపాటని సెప్తావంట కదా. మంచిదే. అలగే సెప్పు."

పైడమ్మ అత్త మొహం చూసింది. ఆ మాట అబ్బులు తనతో అని పూట కాలేదు.

"నీకెవులు సెప్పినారత్తా?"

"ఆడే."

"ఎప్పుడు?"

ముసలావిడ కళ్ళు దించుకుంది. "ఆడు సేసినదంతా బుధారం నాడే సెప్పినాడు. పెద్దోడిని తీసుకుపోనాక."

"బుధారమా?" పైడమ్మ రెక్క విడిపించుకుంది. "మరి పొద్దున్న గుంటని లాక్కున్నప్పుడు? నా సేతి గంజి ఒద్దన్నప్పుడు? తెలిసే అన్నావా?"

"తెలిసే అన్నాను."

"అత్తా!"

"ఏటి అత్త! ఒక కొడుకు ఠాణాలో ఉన్నాడు. రెండోవోడి పేరు ఈ పందిట్లో ఎత్తితే ఆడిని ఈళ్ళు బతకనివ్వరు. ఎవుడో ఒకడి మీదికి పోవాల కదా ఈ కోపం. నువ్వు అరిసినావు, అందరూ ఇన్నారు. నీ మీదికైతే తేలిగ్గా పోద్ది." ఆవిడ చెయ్యి పిల్ల వీపు మీద జో కొడుతూనే ఉంది. "నీకు అన్యాయం సెయ్యను. మాట పొరపాటని సెప్పు, పెదబాబు కాళ్ళు పట్టుకుని గుంటని నీకే ఇప్పిస్తాను. ఆడి పేరు మాత్రం ఎత్తకు."

"ఎత్తితే?"

అత్త పిల్లని ఇంకో చంకకి మార్చుకుంది. పైడమ్మకి దూరంగా ఉన్న చంకకి.

పందిట్లోంచి పెదబాబు పిలిచేడు. పైడమ్మ వెళ్ళి మధ్యలో నిలబడింది. అత్త వచ్చి ఆడవాళ్ళ వెనక కూర్చుంది.

"అమ్మా, బంట్రోతులకి నువ్వు సెప్పినావా?"

"నేదు పెదబాబూ."

"అమ్మోరి మీద ఒట్టా?"

"అమ్మోరి మీద ఒట్టు. నా గుంట మీద ఒట్టు."

ఆడవాళ్ళలో గుసగుస లేచింది. పిల్ల మీద ఒట్టు ఎవరూ ఊరికే వెయ్యరు.

"మరి బయటికెలా పోనాది?"

పైడమ్మ చెప్పింది. టీకాలాయన, తాటాకులు, చెలమ, పెద్దింట్లమ్మ. గుంట అన్న మాట దగ్గరికి వచ్చేసరికి ఒకాయన నవ్వేడు. తరవాత ఇంకొకాయన. "ఈళ్ళతోటి ఇదే సావు," అన్నారు ఎవరో. "మొన్న నాను మా గుంటలకి కూడు ఎట్టాలంటే ఆ కొట్టాయన గోతుల్లో కూడు ఎందుకని అడిగినాడు!" పందిరంతా నవ్వింది. అబ్బులు కూడా నవ్వేడు. అతను చెప్పినట్టే అయింది. కోపం తగ్గుతోంది. పైడమ్మకి కళ్ళ ముందే తెలుస్తోంది, తగ్గుతోందని. ఇక్కడ ఆగిపోతే చాలు.

వీరవేణి నవ్వలేదు.

"పైడీ," అంది. నవ్వులాగిపోయేయి. "ఆ పెద్దింట్లమ్మ ఇన్నాది. ఇని, ఎవులితోటి అన్నాది?"

"అదెలా తెలుస్తాది ఈ గుంటకి?" అత్త వెనక నుంచి అందుకుంది. "ఊరోళ్ళ మాటలు మనకేటి తెలుసు?"

"నిన్నడగనేదత్తా," అంది వీరవేణి వెనక్కి తిరక్కుండానే. "నాకు ఇంకేటీ అక్కర్నేదు పైడీ. తప్పెయ్యొద్దు, శిచ్చెయ్యొద్దు. ఆయన్ని కొట్టుకుంటూ తీసుకెళ్ళినారు. ఎవుల వల్లో తెలిస్తే సాలు."

పెదబాబు ముందుకి వంగేడు. "సెప్పమ్మా. ఆవిడ ఎవులితోటి అన్నాది?"

పైడమ్మ మొగుడి వైపు చూడలేదు. చూస్తే అందరూ అటు చూస్తారు. ఆమె అత్త వైపు చూసింది. అత్త చేతుల్లో చిన్నతల్లి నిద్ర లేచి, జనాన్ని చూసి, అమ్మ ఎక్కడా అని వెతుక్కుంటోంది.

"సెప్తాను పెదబాబూ. ముందు నా గుంటని నా సేతికియ్యండి."

"ముందు సెప్పు, తరవాత..."

"ముందు ఇయ్యండి. నా సేతిలో ఉంటేనే నాకు మాటొస్తాది."

పెదబాబు ఆలోచించేడు. ఆమె మొహం చూసేడు. తరవాత అత్త వైపు తల ఊపేడు. అత్త కదల్లేదు. పక్కనున్న ఆడవాళ్ళే ఆవిడ చేతుల్లోంచి పిల్లని విడిపించి, ఒకరి చేతి మీదుగా ఒకరు అందించేరు. చిన్నతల్లి వచ్చి తల్లి మెడ గట్టిగా పట్టుకుంది.

పైడమ్మ పిల్లతో నడిచి వెళ్ళి వీరవేణి పక్కన, భుజానికి భుజం తగిలేలా కూర్చుంది.

మగాళ్ళ చివర అబ్బులు లేచి నిలబడ్డాడు.

"ఇప్పుడడుగు పెదబాబూ," అంది పైడమ్మ.